షార్ట్ ఫిల్మ్ తీసే ముందు జనాన్ని ఏమడగాలి, ఎట్లా అడగాలి

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న నాకు ఎట్లా అర్థమైందో చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యి. అనంతపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు కింద 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయాలి. చెనక్కాయ పంట ఎండిపోయాక బెంగళూరుకు వాచ్‌మన్ పనికి పోయిన నాన్న, ఊళ్లో అవ్వ దగ్గర మిగిలిపోయిన పిల్లోడు, ఇదీ కథ. రిపోర్టులో 'ప్రాథమిక ప్రేక్షక పరిశోధన' అని ఒక అధ్యాయం ఉండాలన్నారు. నువ్వు గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టావు. ఇంచుమించు అందరూ 'సందేశాత్మక చిత్రాలంటే ఇష్టం' అని టిక్కు పెట్టారు. ఇది సరిపోతుందా, ఇంకేమైనా చెయ్యాలా అని నీ సందేహం.

సరిపోదు. జవాబులు తక్కువ వచ్చాయని అనడం లేదు, ప్రశ్నే అట్లాంటిది. సందేశం ఉన్న సినిమా ఇష్టమా అని అడిగితే లేదనే మనిషి యాడుంటాడు? నిన్న రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో ఏం చూశావని అదే మనిషిని అడుగు, ఇంకో జవాబు వస్తుంది. మొదటిది అతను తన గురించి నలుగురూ అనుకోవాలని కోరుకునే మాట. రెండోది అతను చేసిన పని. సినిమా తీసేవాడికి పనికొచ్చేది రెండోదే.

నేను అనంతపురం, కడప జిల్లాల్లో చిన్న సినిమాలు, స్వచ్ఛంద సంస్థలకు డాక్యుమెంటరీలు తీస్తుంటాను. అంతకుముందు ఇంటింటికీ తిరిగి సర్వేలు చేసే ఉద్యోగం. కాబట్టి కింద రాసేదాంట్లో సగం కెమెరా పట్టుకున్నవాడి మాట, సగం అట్ట మీద కాగితం బిగించుకుని తిరిగినవాడి మాట.

ప్రాథమిక పరిశోధన అంటే పెద్ద విషయమేం కాదు. నీ సినిమా కోసం, నీ ప్రేక్షకుల దగ్గర్నుంచి, నువ్వు స్వయంగా రాబట్టుకున్న సమాచారం. ఎవరో వేసిన రిపోర్టు, పేపర్లో వచ్చిన లెక్క ద్వితీయం. రిపోర్టులో ఈ తేడా నాలుగు వాక్యాల్లో చెప్పేసి ముందుకు పో.

అసలు పని ఒక కాగితంతో మొదలవుతుంది. ఈ సినిమా గురించి నీకు నిజంగా తెలియనివి, అందులోనూ ఇంకా మార్చుకునే వీలున్నవి ఏవో దాని మీద రాసుకో. నీ కథ వరకు నాకు తోచినవి ఇవి. నాన్న బెంగళూరులో ఉన్నాడన్న సంగతి ఎవరూ నోటితో చెప్పకుండానే చూసేవాళ్లకు అందుతుందా? అవ్వ యాస గుంటూరు వాళ్లకో వరంగల్ వాళ్లకో తెలుస్తుందా, సబ్‌టైటిల్స్ వెయ్యాలా? 12 నిమిషాలు ఎక్కువవుతుందా? నాన్న వచ్చాడా రాలేదా అన్నది తేల్చకుండా ఆపేస్తే ఒప్పుకుంటారా? అసలు దీన్ని చూసేది ఎవరు, బెంగళూరులో ఉన్న మనవాళ్లా, ఊళ్లో ఉన్నవాళ్లా, నీలాంటి కాలేజీ పిల్లలా? ఇవి రాసుకున్నాక పద్ధతి దానంతటదే తేలుతుంది. యాస సంగతి ఫారంతో తేలదు, వినిపించాలి. నిడివి సంగతి అడిగితే తేలదు, చూపించి గమనించాలి. ఎవరు చూస్తారన్నది గదిలో కూర్చుంటే తేలదు, బస్టాండుకు పోవాలి. సర్వే, ఇంటర్వ్యూ, ఫోకస్ గ్రూప్ అని ముందే పేర్లు రాసుకుని తర్వాత వాటికి పని వెతికే ప్రాజెక్టులే నేను ఎక్కువ చూశాను. వాటికి మార్కులు పడతాయి, సినిమా మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఫారం సంగతి ముందు తేల్చేద్దాం. దాన్ని పారెయ్యొద్దు, ప్రశ్నలు మార్చు. 'మీకు ఎలాంటి షార్ట్ ఫిల్ములు ఇష్టం' బదులు ఇట్లా అడుగు: మీరు చివరిసారి పూర్తిగా చూసిన షార్ట్ ఫిల్మ్‌లో కథేంటి? అది మీ దాకా ఎట్లా వచ్చింది, ఎవరైనా పంపారా, యూట్యూబే చూపించిందా? ఎక్కడ కూర్చుని చూశారు? మధ్యలో ఆపేసింది ఏదైనా ఉంటే ఎక్కడ ఆపారు? అన్నీ జరిగిపోయిన సంగతులు. వాటిలో కల్పించి చెప్పడానికి చోటు తక్కువ. 'కథ, సంగీతం నచ్చాయా' లాంటి జంట ప్రశ్నలు వద్దు. కథ నచ్చి సంగీతం నచ్చనివాడు దేనికి టిక్కు పెట్టాలి? వయసు, చదువు, ఊరు చివర్లో పెట్టు, ఆదాయం మాత్రం అసలు అడగొద్దు, నీ సినిమాకు దాంతో పని లేదు. 'పూర్తిగా ఒప్పుకుంటాను' నుంచి 'అస్సలు ఒప్పుకోను' దాకా ఐదు మెట్ల ప్రశ్నలు రెండు మూడు మించనియ్యకు. అమెరికా మనస్తత్వవేత్త రెన్సిస్ లైకర్ట్ 1932లో తెచ్చిన ఆ కొలత ఒకరి వైఖరిని అంచనా వెయ్యడానికి పనికొస్తుంది. మనవాళ్లు మాత్రం ఎదుటి మనిషి ముఖం చూసి మధ్య గడిలోనో పై గడిలోనో టిక్కు పెట్టేస్తారు. ఫారాన్ని అందరికీ పంపే ముందు నలుగురైదుగురికి నీ ఎదురుగానే నింపమని ఇచ్చి, ఏ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచిస్తున్నారో చూడు. ఆగిన చోట తప్పు ప్రశ్నదే.

ఆ జవాబులు ఎవరివన్నది ఇంకో ముఖ్యమైన విషయం. నీ ఫారం తిరిగింది కాలేజీ గ్రూపుల్లో, మీ ఊరి కుర్రాళ్ల గ్రూపులో. అంటే అది నీ వయసు వాళ్ల జవాబు, అందులోనూ నీ స్నేహితుల జవాబు. దీన్ని అందుబాటు శాంపిల్ అంటారు. అది వాడుకోవడంలో తప్పేం లేదు, డబ్బుల్లేని ప్రాజెక్టుల్లో అందరూ చేసేదదే. కానీ 'అనంతపురం ప్రేక్షకుల్లో ఇంత శాతం' అని మాత్రం రాయకు. '20 మంది కాలేజీ విద్యార్థుల్లో 14 మంది' అని రాయి. చిన్న లెక్కను శాతంలోకి మార్చగానే దానికి లేని బరువొస్తుంది, వైవాలో, అంటే ప్రాజెక్టు మీద నోటితో అడిగే పరీక్షలో, పట్టుకునేది అక్కడే. ఇంకోటి, నీ కథలోని అవ్వ వయసువాళ్లు నీ ఫారంలో ఒక్కరైనా ఉన్నారా? కథలో ముఖ్యమైన మనిషి ఆమె. చదవడం రానివాళ్లకు ప్రశ్నలు నువ్వే చదివి, జవాబు నువ్వే రాసుకోవాలి.

ఇక బస్టాండు. రాత్రి తొమ్మిది దాటాక అనంతపురం ఆర్టీసీ బస్టాండులో బెంగళూరు బస్సులు ఆగే వైపు ఒక బెంచీ చూసుకుని కూర్చో. రెండొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం, ఎక్కేవాళ్లలో చాలామంది నీ కథలోని నాన్నలే. ఎవర్నీ ఏమీ అడగకు. ఎవరి స్క్రీన్‌లోకీ తొంగి చూడకు, ఏం చూస్తున్నారన్నది వాళ్ల సొంత విషయం. ఎట్లా చూస్తున్నారో మాత్రం చూడు. ఫోన్ నిలువుగానే పట్టుకుంటారు, అడ్డం తిప్పేవాళ్లు అరుదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లు కుర్రాళ్లే, పెద్దవాళ్లది స్పీకరు. ఆ స్పీకరు మీద మైకులో బస్సుల నంబర్లు, కండక్టర్ల కేకలు, 'వేరుశెనక్కాయలే' అని అమ్ముకునే గొంతు. ఒక ఫోన్‌ను ఇద్దరు చూస్తుంటే ఎవరి బొటనవేలు తెర మీద ఉందో, అది ఎప్పుడు కదిలిందో గమనించు. నేను కూర్చున్నప్పుడల్లా ఒకటే కనబడుతుంది. వీడియో మొదలై లోగో, 'సమర్పించు', కృతజ్ఞతల పేర్లు వరసగా వస్తుండగానే ఆ వేలు పైకి జరిగిపోతుంది. కథ మొదలు కాకముందే ప్రేక్షకుడు వెళ్లిపోయాడు. మీ హెచ్‌ఓడీ గారి పేరు, కాలేజీ బొమ్మ చివరికి పంపించు, ఆయన కోప్పడితే ఈ పరిశీలన చూపించు.

గమనించినదాన్ని అక్కడే రాసుకోవాలి. సమయం, చోటు, కనబడింది ఒక గడిలో, దానికి నీ అర్థం ఇంకో గడిలో. 'విసుగొచ్చి ఆపాడు' అని రాయకు. 'మూడో నిమిషంలో ఫోన్ జేబులో పెట్టాడు' అని రాయి. బస్సు వచ్చి పెట్టాడేమో, నీకేం తెలుసు?

చూడడం అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్నాయన ఫోన్‌ను పక్కన గోడకు ఆనించి పెట్టుకుంటాడు. కళ్లు పోగుల మీద, చెవి ఫోన్ మీద. అతను నీ సినిమాను వింటాడు. నువ్వు ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న మాటల్లేని పొడుగాటి షాట్ వచ్చినప్పుడు, నెట్ పోయిందేమో అనుకుని తలెత్తుతాడు. ఆ షాట్ తీసెయ్యమని చెప్పడం లేదు. ఆ చోట గాలో, మేకల గంటలో, పక్కింటి రేడియోనో ఏదో ఒక శబ్దం ఉండాలని మాత్రం అతన్ని చూశాకే తెలుస్తుంది.

ఇంటర్వ్యూల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, సీమలో కష్టమంతా ఇక్కడే కాబట్టి. మన పక్క ఇంటికొచ్చిన మనిషిని నొప్పించే మాట అనరు. కథ చెప్పి ఎట్లుంది అని అడిగితే 'బాగుండాది నాయనా, శానా బాగుండాది' అంటారు, టీ తాపిచ్చి పంపిస్తారు. నువ్వు ఆ మాట రాసుకుని సంతోషంగా వచ్చేస్తావు. అది మర్యాద. దాన్ని అభిప్రాయం కింద లెక్కేసుకోకూడదు. ఈ మర్యాదను దాటడానికి రెండు మూడు దారులున్నాయి.

ఒకటి, కథ నీది అని చెప్పకు. 'మా ఫ్రెండు రాసినాడు, నాకు సరిగ్గా అర్థం కాలా, మీరు విని చెప్పండి' అను. ఇది అబద్ధమని నీకు ఇబ్బందిగా ఉంటే ఇంకో స్నేహితుణ్ని పంపు, అతనికి అది నిజమే అవుతుంది. రెండు, వాళ్ల సొంత అభిప్రాయం అడగకుండా పక్కవాళ్ల పేరుతో అడుగు. 'మీ ఇంటి పక్కామె ఇది చూస్తే ఏమంటుంది?' అనగానే నోరు తెరుచుకుంటుంది. పక్కింటామె అనేదంతా ఈమె అనుకునేదే.

మూడోది నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్ముతాను. కథ ఒకరికి చెప్పు. ఆ మనిషిని అదే కథను, అప్పుడే వచ్చిన ఇంకొకరికి చెప్పమను. నువ్వు నోరు మూసుకుని విను. ఏం మిగిలింది, ఏం జారిపోయింది, ఏం మారింది అన్నదే నీ పరిశోధన. తాడిపత్రి దగ్గర ఒక పల్లెలో ఒక పెద్దామెకు ఇట్లాంటి కథే చెప్పాను. అందులో కొడుకు చాలా నెలల తర్వాత ఫోన్ చేస్తాడు, తల్లి కోపంతో ఎత్తదు. కథ మలుపంతా ఆ కోపం మీదే. కాసేపటికి కోడలు చెరువు కాడ నుంచి బట్టలుతుక్కుని వచ్చింది. పెద్దామె ఆమెకు కథ చెప్పింది. 'కొడుకు ఫోన్ చేసినాడంట. ఈ ముసిల్దానికి యాడ నొక్కల్లో తెలీకపాయనంట. పాపం, ఎంత అల్లాడి ఉంటాదో.' కోపం అనే ముక్కే లేదు. కన్నకొడుకు ఫోన్ చేస్తే తల్లి కావాలని ఎత్తకపోవడం ఆమె లోకంలో జరిగే పని కాదు, అందుకని తన లోకంలో జరిగే కారణాన్ని తెచ్చి అక్కడ పెట్టుకుంది. ముందొక సీన్‌లో ఆ తల్లి ఫోన్ పట్టుకుని చెనక్కాయల వ్యాపారితో గట్టిగా బేరమాడడం చూపించాక, తర్వాత అదే కథ విన్నవాళ్లు కోపాన్ని కోపంగానే చెప్పారు. ఈ సంగతి ఏ ఫారమూ చెప్పదు. 'కథ అర్థమైందా?' అని అడిగి ఉంటే ఆమె 'అర్థమాయ నాయనా' అనేది. అర్థమైంది కూడా, వేరే కథ.

కాలం చూసుకుని పో. అక్టోబరు, నవంబరు నెలల్లో చెనక్కాయ పీకే పనుల్లో ఉంటారు, పగలు ఊళ్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ దొరకరు. మగవాళ్లు పొద్దు గుంకాక రచ్చకట్ట మీద దొరుకుతారు. ఆడవాళ్లతో మాట్లాడాలంటే డ్వాక్రా సంఘం మీటింగు రోజు కనుక్కుని, మీ అమ్మనో అక్కనో వెంటబెట్టుకుని పో, మీటింగు అయిపోయాక ఒక పావుగంట అడుగు. బెంగళూరు వాళ్లయితే ఉగాదికో జాతరకో ఊరికొస్తారు, అప్పుడు పట్టుకో. అంతదాకా ఆగలేకపోతే ఫోన్‌లో మాట్లాడొచ్చు, డ్యూటీలో ఉన్న వాచ్‌మన్‌కు రాత్రిళ్లు మాట్లాడే తోడు దొరికితే సంతోషమే.

బృంద చర్చ, అదే ఫోకస్ గ్రూప్. ఆరుగురి నుంచి ఎనిమిది మంది చాలు. పల్లెలో దీన్ని పెట్టేముందు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూసుకో. పెద్దమనిషి ఉంటే ఆయన చెప్పిందే అందరి మాట. అత్త ఉంటే కోడలు నవ్వుతుంది, మాట్లాడదు. కులాల సంగతి నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. రచ్చకట్ట మీద ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు అన్నది నీకే తెలుసు. అందుకని వేరువేరు గుంపులుగా, వాళ్లకు అలవాటైన చోట పెట్టు. అందర్నీ ఒకేచోట కూర్చోబెట్టి ఫొటో తీసుకుంటే రిపోర్టులో బాగుంటుంది, సమాచారం మాత్రం ఒక్క మనిషిదే వస్తుంది.

ఈ పద్ధతి పుట్టిన తీరులో మనకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. 1940లలో అమెరికాలో పాల్ లాజర్స్‌ఫెల్డ్, రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు రేడియో కార్యక్రమాల మీద శ్రోతలను పరీక్షించేవాళ్లు. వినేవాళ్ల చేతికి రెండు మీటలు ఇచ్చేవాళ్లు, నచ్చితే పచ్చది నొక్కాలి, నచ్చకపోతే ఎర్రది. అయిపోయాక మెర్టన్ వాళ్లతో కూర్చుని, ఫలానా చోట ఎర్రమీట నొక్కారు కదా, అక్కడ ఏమైంది అని తవ్వేవాడు. చర్చ ఒక ఫలానా క్షణం నుంచి మొదలయ్యేది, 'మొత్తం మీద ఎట్లుంది' నుంచి కాదు. నీకు మీటలు అక్కర్లేదు. నీ స్నేహితుడొకణ్ని టీవీ పక్కన, ప్రేక్షకుల వైపు తిప్పి కూర్చోబెట్టు. సినిమా ఎన్నో నిమిషం ఎన్నో సెకనులో ఎవరు కదిలారు, ఎవరు ఫోన్ తీశారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ నవ్వాల్సినప్పుడు నవ్వలేదు, అన్నీ రాసుకుంటాడు. చర్చ ఆ కాగితం నుంచి మొదలుపెట్టు.

మన దగ్గర కూడా ఇది కొత్తేం కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పెట్టెలు చేరాయి, ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలతో పాటు పరిశోధకులను కూడా పంపారు, వాళ్లు కొన్ని పల్లెల్లో కాపురముండి జనం టీవీ ముందు ఏం చేస్తున్నారో రాసుకున్నారు. రిపోర్టులో భారతీయ ఉదాహరణ కావాలంటే ఇది పెట్టుకో.

రఫ్ కట్, అంటే షాట్లన్నీ వరసగా అతికించిన మొదటి ఎడిట్, తయారయ్యాక చేసే ప్రదర్శన మీద నీ శ్రమలో సగం పెట్టు. నటించినవాళ్లను, కెమెరా పట్టినవాణ్ని, మీ అమ్మానాన్నల్ని పిలవకు. నీ పేరు కూడా తెలియనివాళ్లు కావాలి. హాస్టల్‌లో వేరే డిపార్టుమెంటు పిల్లలు, మీ వీధి చివర టైలర్, ఉగ్గాణి బజ్జీ బండాయన, ఇట్లాంటివాళ్లు ఒక పదిమంది దొరికితే గొప్పే. సినిమా ముందు ఒక్క మాట కూడా వివరించకు. 'ఇంకా డబ్బింగ్ కాలేదు, కలర్ కాలేదు' అని మాత్రం చెప్పు, లేకపోతే అందరూ దాని గురించే మాట్లాడతారు. నువ్వు వెనక కూర్చో. అయిపోగానే ఎవర్నీ మాట్లాడనివ్వకుండా తలా ఒక కాగితం ఇచ్చి నాలుగు సంగతులు రాయించు. ఏం జరిగిందో మూడు వాక్యాల్లో. ఎక్కడ అయోమయంగా అనిపించింది. ఎవరి మీద కోపమొచ్చింది. బయట ఎవరైనా 'యేం సినిమా అది' అని అడిగితే ఏం చెప్తారు. రాయలేనివాళ్ల దగ్గర మీవాడొకడు పక్కకు కూర్చుని రాసుకోవాలి. అందరూ రాశాకే చర్చ. ముందే చర్చ పెడితే మొదట నోరు తెరిచినవాడి అభిప్రాయం గదంతా పాకుతుంది.

ఇక్కడ ఒక గీత గీసుకో. 'అర్థం కాలేదు' అన్నది ఒక ఖాతా, 'నచ్చలేదు' అన్నది ఇంకో ఖాతా. మొదటి ఖాతాలో పడ్డవన్నీ నువ్వు బాగుచెయ్యాల్సిందే, వాదించకుండా. పదిమందిలో నలుగురికి నాన్న చచ్చిపోయాడనిపిస్తే, ఆ నలుగురికి ఫోన్ చేసి వివరించలేవు కదా. రెండో ఖాతా నీ ఇష్టం. నాన్న చివర్లో రావాలి, పిల్లోణ్ని ఎత్తుకోవాలి అని అందరూ అంటారు, అనకపోతే ఆశ్చర్యపోవాలి. అందుకోసం ముగింపు మార్చాల్సిన పనిలేదు. వాళ్లు అడుగుతున్నారంటే పిల్లోడితో కలిసిపోయారని అర్థం, నాకైతే అది మంచి గుర్తు. అట్లాగే 'ఇక్కడ ఒక పాట పెట్టు', 'అవ్వకు ఇంకో డైలాగ్ రాయి' అని సలహాలిస్తారు. సలహా పక్కనపెట్టి, అది ఏ నిమిషం గురించి ఇచ్చారో చూసుకో. పాట అడిగిన చోట నీ సినిమా సాగదీతగా ఉంది, అంతే.

యాస పరీక్షకు పెద్ద హంగామా వద్దు. అవ్వ మాట్లాడే రెండు నిమిషాల ముక్క కోసి, కోస్తాలోనో తెలంగాణలోనో ఉన్న తెలిసినవాళ్లకు పంపి, అవ్వ ఏమందో తిరిగి వాయిస్ మెసేజ్ పెట్టమను. ఒకటి రెండు మాటలు జారిపోతే ఫరవాలేదు, వాక్యం జారిపోతే సబ్‌టైటిల్ వెయ్యి. యాసను మాత్రం మార్చకు. సీమ అనగానే వేటకొడవళ్లు, సుమోలు తప్ప ఇంకేం రాదనుకునేవాళ్లకు బెంగళూరు బస్సెక్కే సీమను చూపిస్తున్నావు, అది మన మాటలోనే ఉండాలి. అందరికీ అర్థమవ్వాలని విజయవాడ భాష మాట్లాడే అవ్వను చూస్తే, అనంతపురంలో నవ్వుతారు.

యూట్యూబ్‌లో పెట్టాక వచ్చే లెక్కలు కూడా నీ పరిశోధన కిందికే వస్తాయి, అవి నీ సినిమాకు నీ ప్రేక్షకులు ఇచ్చిన జవాబులు. యూట్యూబ్ స్టూడియోలో రెండు చూడు. థంబ్‌నెయిల్, అంటే వీడియో మీద కనబడే చిన్న బొమ్మ, కనబడినవాళ్లలో ఎంతమంది నొక్కారన్నది ఒకటి. సగం ఛానెళ్లకు, వీడియోలకు అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెప్తుంది, కాబట్టి నాలుగు శాతం చూసి గుండె జారిపోనక్కర్లేదు. రెండోది ఎక్కడిదాకా చూశారన్న గీత. మొదటి 30 సెకన్ల తర్వాత ఎంతమంది మిగిలారో అది విడిగా చూపిస్తుంది. గీత మెల్లగా దిగడం మామూలే. ఒక్కసారిగా పడిపోయిన చోట ఏదో జరిగింది. పైకి లేచిన చోట వెనక్కి జరిపి మళ్లీ చూశారు, అది బాగా నచ్చి కావచ్చు, మాట వినబడక కావచ్చు. ఆ గీత ఎక్కడ పోయారో చెప్తుంది, ఎందుకో చెప్పదు. ఎందుకో తెలియాలంటే మళ్లీ బస్టాండు బెంచీ మీదికే పోవాలి. అన్‌లిస్టెడ్ లింకు, అంటే లింకు ఉన్నవాళ్లకే తెరుచుకునేది, స్నేహితులకు పంపి ఆ గీతను నమ్మకు, వాళ్లు ప్రేమకొద్దీ చివరిదాకా ఉంచేస్తారు, కొందరు ఫోన్ టేబుల్ మీద పెట్టి అన్నం తినడానికి పోతారు.

అనుమతుల విషయంలో అశ్రద్ధ వద్దు. ఎవరితో మాట్లాడినా ఎందుకు అడుగుతున్నావో, ఆ మాటలు ఎక్కడ వాడతావో ముందే చెప్పు. రికార్డు చెయ్యొచ్చా అని విడిగా అడుగు, వద్దంటే చేత్తో రాసుకో. పిల్లల్ని అడగాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే, ఇంటర్ చదివేవాళ్లు కూడా. ఫారంలో ఫోన్ నంబరు తప్పనిసరి గడి కింద పెట్టకు. వలస పోయినవాళ్ల ఇంట్లో అప్పుల మాట వస్తుంది, అప్పిచ్చినాయన పేరు వస్తుంది. ఆ పేర్లు నీ నోటుపుస్తకంలో కూడా ఉండకూడదు.

అధ్యాయం రాసేటప్పుడు పద్ధతుల నిర్వచనాలతో పేజీలు నింపకు. ఎవరిని అడిగావు, ఎక్కడ, ఎట్లా, ఎవర్ని అడగలేకపోయావు, అది రాయి. తర్వాత రెండు గడుల పట్టిక వెయ్యి. ఎడమవైపు తెలుసుకున్నది, కుడివైపు దానివల్ల స్క్రిప్టులోనో ఎడిట్‌లోనో మారింది. కుడివైపు ఖాళీగా ఉన్న వరసలు తీసెయ్యకు, విన్నాను గానీ మార్చలేదు, కారణం ఇదీ అని రాయి. నేను వైవా చెయ్యాల్సి వస్తే మొదట చదివేది ఆ వరసలనే.

ఇక నీ పాత ఫారం జవాబుల సంగతి. వాటిలో తమంతట తాము నంబరు ఇచ్చినవాళ్లు కొందరు ఉంటారు. అందులో 'సందేశాత్మకం ఇష్టం' అని పెట్టినవాళ్లకు ఐదారుగురికి ఈ వారం ఫోన్ చెయ్యి. 'అట్లాంటిది చివరిసారి ఏది చూశావు, ఎవరికైనా పంపావా' అని రెండే ప్రశ్నలు అడుగు. చెప్పలేకపోతే గుచ్చి గుచ్చి అడగకు, చెప్పలేదని రాసుకో. స్క్రిప్టు ఈలోపు లాక్ చెయ్యకు. ముందు మీ అవ్వకు కథ చెప్పి, ఆమెను మీ పక్కింటామెకు చెప్పమను.